కోనసీమలో డూలాగా పని మొదలుపెట్టాలంటే ఎక్కణ్ణుంచి?

లంకగట్టు:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. డిగ్రీ అయ్యింది, నర్సింగ్ చదవలేదు. డూలా పని, అంటే కాన్పప్పుడు తల్లి పక్కనుండి ధైర్యం చెప్పి సాయపడే పని, నేర్చుకుని మా చుట్టుపక్కలా, కుదిరితే రాజమండ్రి, భీమవరం దాకా చెయ్యాలని ఉంది. ఏ సర్టిఫికెట్ అయితే పనికొస్తుంది? నర్సింగ్ హోముల్లో లేబర్ రూమ్‌లోకి రానిస్తారా? మనవైపు దీనిమీద బతకొచ్చా, లేక ఇది హైదరాబాద్ వ్యవహారమేనా?

ప్రసవతోడు:
సర్టిఫికెట్ సంగతి తేలికండి. మన దేశంలో డూలాకి లైసెన్సూ లేదు, కౌన్సిల్ రిజిస్ట్రేషనూ లేదు. డోనా ఇంటర్నేషనల్ లాంటి, డూలాలకి శిక్షణిచ్చే సంస్థల సర్టిఫికెట్‌కి వర్క్‌షాపు, చదవాల్సిన పుస్తకాలు, తల్లిపాల మీద తరగతితోపాటు కొన్ని కాన్పుల దగ్గర దగ్గరుండి చూసుకోవడం కూడా ఉంటుంది. వీడియోలు చూపించి కాగితం చేతికిచ్చే కోర్సుకి డబ్బు కట్టకండి. ఇది చేత్తో నేర్చుకునే పని.

ఉదాహరణకి నడుంనొప్పితో వచ్చే కాన్పు. నొప్పి మొదలవగానే వెన్నుపూస చివర, పిరుదుల మధ్య పైభాగాన ఉండే చదునైన ఎముక మీద అరచేతి అడుగుభాగం ఆనించి, మోచెయ్యి వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. రుద్దకూడదు. నొప్పి పూర్తిగా దిగేదాకా వదలకూడదు. చాలామంది మధ్యలో చెయ్యి తీసేస్తారు, అప్పుడు ఆవిడకి నొప్పి రెట్టింపైనట్టుంటుంది. బంతి కొనేటప్పుడు పొట్టిగా ఉన్నవాళ్ళకి 55, మిగతావాళ్ళకి 65 సెంటీమీటర్లది, పగిలినా ఒక్కసారిగా గాలి పోని రకం చూసుకోండి. కూర్చుంటే మోకాళ్ళు తుంటి కంటే కాస్త కిందకి ఉండాలి. పైకి లేచాయంటే బంతి చిన్నదైనట్టు, లేదా గాలి తక్కువైనట్టు.

లేబర్‌రూమ్ సిస్టర్:
అసలు తలుపు సర్టిఫికెట్‌తో తెరుచుకోదండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు దగ్గర ఆడతోడు ఒకరు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది, 2017లో లేబర్ రూమ్‌ల నాణ్యత పెంచడానికి వచ్చిన లక్ష్య కార్యక్రమంలోనూ అది ఉంది. కానీ ఆ ఒక్కరు మీరైతే వాళ్ళమ్మ బయట కూర్చోవాలి. అలా చెయ్యకండి. ముందే వాళ్ళమ్మకో వదినకో నేర్పించి పంపండి.

ప్రైవేటులో అంతా డాక్టరమ్మ ఇష్టం. 32 నుంచి 34 వారాల మధ్య ఒక చెకప్‌కి దంపతులతో పాటు వెళ్ళి, మీరు ఏం చెయ్యరో ముందు చెప్పండి: లోపరీక్ష చెయ్యను, బీపీ, గుండెచప్పుడు చూసి అర్థం చెప్పను, మందుల గురించి మాట్లాడను. ఆ తర్వాత 2017 కాక్రేన్ సమీక్ష (చాలా వైద్య అధ్యయనాల్ని కలిపి తూచి చూసేది) సంగతి ఎత్తండి. 26 అధ్యయనాలు, 15 వేల మందికి పైగా స్త్రీలు. పక్కన ఎడతెగని తోడున్నవాళ్ళలో సాధారణ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ అని తేలింది. మన రాష్ట్రంలో సిజేరియన్లు 42.4 శాతమని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, కానీ ఆ అంకె డాక్టరు ముఖం మీద మాత్రం విసరకండి.

డూలాల్ని బయటికి పంపించేది ఎక్కువగా ఈ పనులకే: సీటీజీ బెల్టు (బిడ్డ గుండెచప్పుడు చూసేది) సర్దడం, 'ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే మందు) వద్దనండి' అని పేషెంటు చెవిలో ఊదడం, ఇంకెంతసేపని అడిగిన బంధువులకి సొంతంగా లెక్క చెప్పడం. ఇంటి దగ్గర కాన్పుకి రమ్మని పిలిస్తే ససేమిరా వద్దు. డూలా మంత్రసాని కాదు.

పురిటిల్లు:
బతకడం గురించి. మనవైపు తొలికాన్పు పుట్టింట్లోనే. కాబట్టి మీ దగ్గరికొచ్చేది ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో హైదరాబాద్, బెంగళూరు నుంచి దిగే అమ్మాయి. మిమ్మల్ని వెతికేది ఆ అమ్మాయే గానీ, 'దీనికి డబ్బులిచ్చి మనిషి ఎందుకే, మేం లేమా' అనేది వాళ్ళమ్మ. ఆవిడని ఒప్పించకపోతే పని సాగదు.

38 నుంచి 42 వారాల దాకా ఫోను ఎప్పుడు మోగినా బయల్దేరాలి కాబట్టి నెలకి రెండు కాన్పులు మించి ఒప్పుకోకండి. మీకు బదులు వెళ్ళే మనిషిని ముందే చూసుకోండి. సగం డబ్బు ఒప్పుకున్న రోజు, మిగతాది 36 వారాలకి. సిజేరియన్ అయితే ఎంత, మీరు చేరేలోపు కాన్పైపోతే ఎంత, ఇవి కాగితం మీద లేకపోతే గొడవ ఖాయం.

నిలకడగా డబ్బొచ్చేది మాత్రం బాలింత పనిలో. ముర్రుపాలు పారబోయకుండా మొదటి గంటలోనే పట్టించడం, తేనె, పంచదార నీళ్ళు నాకించకుండా చూడడం, బాలింతకి నీళ్ళు తగ్గించకుండా అమ్మమ్మని ఒప్పించడం. కాయం (బాలింతలకి పెట్టే మందు లేహ్యం) తింటే తిననివ్వండి, దానిమీద యుద్ధం అనవసరం. నీళ్ళు పోసే ఆవిడ బిడ్డ ముక్కులో నూనె వేస్తుంటే మాత్రం గట్టిగా ఆపాలి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తలుపులు మూసి సాంబ్రాణి పొగ వెయ్యడమూ అంతే. అయిదో రోజు నుంచి బిడ్డ రోజుకి కనీసం ఆరుసార్లు ఉచ్చ పోస్తోందా అని రాసిపెట్టుకోండి. తల్లికి గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, జ్వరం 38 డిగ్రీలు దాటినా, తలనొప్పితో చూపు మసకబారినా మీరు సలహాలివ్వకండి, ఆసుపత్రికి పంపండి.

లంకగట్టు:
చాలా సాయం చేశారండి. ఇంకొక్కటి. ఎప్పుడు బయల్దేరమని చెప్పాలి? గోదారి మధ్య లంకల్లో ఉన్నవాళ్ళ సంగతేంటి?

లేబర్‌రూమ్ సిస్టర్:
తొలికాన్పుకి నొప్పి అయిదేసి నిమిషాలకొకసారి వస్తూ, ఒక్కోటి నిమిషం ఉంటూ, అలా గంట సాగితే బయల్దేరమనడం మామూలు లెక్క. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా లెక్కలొద్దు, వెంటనే వెళ్ళాలి. రోడ్డు దూరమైతే ప్రయాణానికి పట్టేంత సేపు ముందే బయల్దేరమనండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళేవాళ్ళు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఉందనుకోకుండా చించినాడ వంతెన మీదుగా ఎంతసేపు పడుతుందో ముందే ఒకసారి వెళ్ళి చూసుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు మధ్య డేట్ ఉన్న లంక అమ్మాయిలని 37 వారాలకే టౌనులో బంధువుల ఇంటికి మార్చమనండి. గోదారి పెరిగాక 108కి ఫోన్ చేసినా బండి ఏటిగట్టు దాకానే వస్తుంది.