గర్డర్‌కి అతికించిన ఫైబర్‌లో లోడ్ ఎంత, ఎండ ఎంత?

వారధి: వంతెన కాంక్రీట్ బాక్స్ గర్డర్ (బోలుగా ఉండే దూలం) లోపల ఫైబర్ అతికించి బీఓటీడీఏతో, అంటే ఫైబర్‌లో బ్రిల్వాన్ పరిక్షేపణ ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో చూసి పొడవునా సాగుదల చెప్పే పరికరంతో కొలుస్తున్నాం. పొద్దుటికీ మధ్యాహ్నానికీ 10 డిగ్రీలు తేడా వస్తే ఫ్రీక్వెన్సీ దాదాపు 15 మెగాహెర్ట్జ్ జరుగుతోంది. అదంతా స్ట్రెయినే (సాగుదలే) అనుకుంటే 300 మైక్రోస్ట్రెయిన్, అంటే మీటరుకి 0.3 మిల్లీమీటర్లు. అప్పుడు వంతెన మీద ఒక్క బండి కూడా లేదు. మీరెలా విడదీస్తున్నారు?

గాజుపోగు: మీ 15 సరైన అంకే అండీ. 1550 నానోమీటర్ల దగ్గర మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌కి డిగ్రీకి సుమారు 1 మెగాహెర్ట్జ్, 20 మైక్రోస్ట్రెయిన్‌కీ సుమారు అంతే. అంటే 15లో 10 ఫైబర్ వేడెక్కినందుకు. కాంక్రీట్ డిగ్రీకి 10 మైక్రోస్ట్రెయిన్ దాకా వ్యాకోచిస్తుంది, మిగతా 5 దాని వాటా. అది నిజమైన స్ట్రెయినే, కాకపోతే లోడ్‌ది కాదు. పక్కనే ఒక లూజ్ ట్యూబ్ కేబుల్ లాగండి. జెల్‌లో ఫైబర్ వదులుగా ఉంటుంది కాబట్టి గర్డర్ సాగినా దానికి తగలదు, వేడి మాత్రమే చెబుతుంది. రెండు కేబుళ్లకీ గుణకాలు (డిగ్రీకి ఎన్ని మెగాహెర్ట్జ్ అన్నది) మీరే తీసుకోండి. కొన్ని మీటర్ల చుట్టని నీళ్ల తొట్టిలో పెట్టి వేడి చేస్తే చాలు. కేబుల్ తొడుగు మారితే గుణకం మారుతుంది, డేటాషీట్ అంకెని నమ్ముకోవద్దు.

రామన్_రేఖ: వేడికి విడిగా రామన్ డీటీఎస్ (ఫైబర్ పొడవునా టెంపరేచర్ కొలిచే పరికరం) పెట్టినా బాగుంటుంది. ఫైబర్‌లో చెదిరి రంగు మారి వచ్చే యాంటీ స్టోక్స్, స్టోక్స్ కాంతుల నిష్పత్తిని స్ట్రెయిన్ దాదాపు కదిలించదు. 1928లో కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ చూసిన కాంతి పరిక్షేపణమే ఇవాళ వంతెనలకి థర్మామీటర్ అవుతోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కేబుల్ గట్టిగా వంగిన చోట రెండు రంగులకీ నష్టం వేరుగా ఉండి టెంపరేచర్ తప్పుతుంది. రెండు చివరల నుంచీ కొలిస్తే అది పోతుంది.

వారధి: లూజ్ ట్యూబ్ ఈ వారమే వేయిస్తాం. ఇంకో సంగతి, కంటికి కనిపించే పగులు కూడా గ్రాఫ్‌లో తేలడం లేదు.

గాజుపోగు: పంపే కాంతి పల్స్ ఎంతసేపు?

వారధి: 10 నానోసెకన్లు.

గాజుపోగు: అంటే ఒక్కో కొలత 1 మీటరు ముక్కది. అందులో 5 సెంటీమీటర్లే సాగితే స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత సిగ్నల్ ఉందో చూపే గీతలో) అసలు పీక్ కదలదు, పక్కన చిన్న భుజంలాంటిది మొలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పెద్ద పీక్‌నే పట్టుకుని పగులు లేదంటుంది. ఆ చోట స్పెక్ట్రమ్ తెరిచి కళ్లతో చూడండి. పల్స్ తగ్గిస్తే స్పెక్ట్రమ్ వెడల్పై, సిగ్నల్ పడిపోతుంది. అందుకే 50, 49 నానోసెకన్ల జంట పల్సులు పంపి తేడా తీస్తారు. అలా 10 సెంటీమీటర్లు చూడొచ్చు. నా మటుకు, పరికరం మార్చేముందు అతికించే పద్ధతి మార్చమంటాను. కేబుల్ పొడవునా జిగురు వద్దు, మీటరున్నరకో క్లాంపు వేయండి. పగులు 0.3 మిల్లీమీటర్లు తెరుచుకుంటే ఆ ముక్క మొత్తం సమంగా 200 మైక్రోస్ట్రెయిన్ సాగుతుంది, పీక్ శుభ్రంగా జరుగుతుంది. ఫైబర్ తెగే భయమూ తగ్గుతుంది.

వారధి: క్లాంపుల మధ్య ముందే ఎంత బిగించాలి?

రామన్_రేఖ: గర్డర్ ఎంత కుంచించుకుంటుందని డిజైన్ చెబుతుందో దానికి పైన. లేకపోతే కేబుల్ వదులై కంప్రెషన్ కనిపించదు. ఫైబర్‌ని ఫ్యాక్టరీలో 1 శాతం సాగదీసి పరీక్షిస్తారు. ఏళ్ల తరబడి ఉండే బిగువు అందులో అయిదో వంతు, అంటే 2000 మైక్రోస్ట్రెయిన్ దాటనివ్వకండి.