ఉప్పాడ అవతల బయటపడ్డ సిమెంటు దిమ్మ: యుద్ధకాలం ఫిరంగిదేనా?

కడలి_గాలి: మా ఊరు ఉప్పాడ అవతల, తీరం వెంబడే. సముద్రం కోసుకొచ్చి గుండ్రటి సిమెంటు దిమ్మొకటి బయటపడింది. 1942 ఏప్రిల్ 6న జపానోళ్ల విమానాల మీద పేల్చిన ఫిరంగి దీని మీదే ఉండేదని మా పెద్దాళ్లు చెబుతారు. బోర్డు పెట్టిద్దామని నా ఉద్దేశం. ఏమంటారండీ?

లాకుగట్టు: బోర్డు పెట్టండి గానీ "పేల్చిన" అన్న మాట వద్దండీ. ఆ రోజు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. ముందురోజు ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద పడ్డారు. జపాన్ అడ్మిరల్ ఒజావా నడిపించిన క్రూయిజర్లనే యుద్ధనౌకలేమో బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచాయి. అంటే గురి ఓడల మీద. అప్పట్లో పెద్ద ఓడ కాకినాడ ఒడ్డుకి వచ్చేది కాదు, దూరంగా లంగరేస్తే పడవలు సరుకు మోసేవి. ఫిరంగి పెడితే అక్కడికి కాపలాగా పెడతారు. 15-20 కిలోమీటర్ల అవతల, మీ ఊళ్లో ఎందుకు?

కడలి_గాలి: ఊరి మీదకొచ్చాక పేల్చి ఏం లాభమండీ, దార్లోనే కొట్టాలి గానీ.

పాత_ఓవర్సీరు: ముందు దిమ్మ సంగతి చూడండి. బ్రిటిష్‌వాళ్ల పెద్ద విమాన విధ్వంసక ఫిరంగి 3.7 అంగుళాలది, గుండు 28 పౌండ్లు. మామూలుగా నాలుగు ఫిరంగులు కలిపి పెడతారు, వాటికొక కమాండ్ పోస్టు. విమానం ఎంత ఎత్తులో ఉందో కొలవడానికి ఒక సాధనం, గుండు పైకెళ్లేసరికి అది ఎక్కడికి చేరుతుందో లెక్కగట్టడానికి ప్రిడిక్టర్ అనే యంత్రం అక్కడే ఉంటాయి. ఆ లెక్క ప్రకారం, గుండు ఎప్పుడు పేలాలో నిర్ణయించే ఫ్యూజు తిప్పుతారు. నేరుగా తగలక్కర్లేదు, దగ్గర్లో పేలితే ముక్కలే పని చేస్తాయి. స్థిరంగా బిగించే రకమైతే కాంక్రీట్లో చుట్టూ బోల్టులుండాలి, పక్కన మందుగుండు అరలుండాలి. మీ దాంట్లో ఏమున్నాయి?

కడలి_గాలి: మధ్యలో ఇనప గొట్టం ఒకటే ఉందండి.

పాత_ఓవర్సీరు: అయితే ఏ స్తంభానికో వేసిన పునాది అయ్యుంటుంది. నేనైతే ఫిరంగి అనను.

ఎదురీత: ఆగండాగండి. 3.7లో చక్రాల రకం కూడా ఉంది, కాళ్లు చాపి నేలమీదే నిలబెట్టేవాళ్లు. 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ అయితే లారీ వెనక కట్టి లాక్కెళ్లి, ఇసక బస్తాల మధ్య దించేస్తారు. వాటికి కాంక్రీటుతో పనే లేదు. దిమ్మ ఫిరంగిది కానంత మాత్రాన ఊళ్లోకి ఫిరంగే రాలేదని ఎలా అంటాం? పెద్దాళ్లని అబద్ధాలకోరులు చేయకండి.

లాకుగట్టు: ఆ మాట నేనెక్కడన్నానండీ? వాళ్లు చూసింది ఏప్రిల్ 6నా, ఆ తర్వాతా అనే నా ప్రశ్న. దాడి తర్వాత ఎంత బెదిరారంటే, మద్రాసు ప్రభుత్వ ఆఫీసులే లోపలి ఊళ్లకి తరలిపోయాయి. మీ ఊరికి ఫిరంగి వచ్చుంటే ఆ హడావుడిలోనే వచ్చుండాలి. పైగా ఉప్పాడ దగ్గర సముద్రం ఏళ్ల తరబడి లోపలికొస్తోంది. ఇవాళ అలల్లో ఉన్న దిమ్మ ఆనాడు ఒడ్డుకి బాగా లోపలుండేది.

కడలి_గాలి: లోపలుంటే ఏమైందండీ, ఫిరంగి ఆకాశంలోకి పేలుస్తుంది గానీ నీళ్లలోకి కాదుగా! సరే, "యుద్ధకాలపు కట్టడమని పెద్దలు చెబుతారు" అని రాయిస్తాను.

లాకుగట్టు: అలాగైతే నాకు అభ్యంతరం లేదు. తేదీ మాత్రం వేయకండి.

కడలి_గాలి: తేదీ లేకపోతే ఎవరాగి చదువుతారండీ? వేయిస్తాను.