సోర్స్ రూటింగ్‌ని మళ్ళీ ఇంట్లోకి రానివ్వొచ్చా?

కొత్తరూటర్:
ప్యాకెట్ దారిని పంపేవాడే రాసిపెట్టే సోర్స్ రూటింగ్ ఆపేశారా అని ఆడిట్‌వాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. అన్ని రూటర్లలో ‘నో ఐపీ సోర్స్-రూట్’ కొట్టి పెట్టాం. ఇప్పుడు మా ఆర్కిటెక్టుగారు బ్యాక్‌బోన్‌కి ఎస్ఆర్‌వీ6 (ఐపీవీ6 మీద సెగ్మెంట్ రూటింగ్) పెడదామంటున్నారు. ప్యాకెట్ ఏ దారిన పోవాలో దాని నెత్తినే రాసి పంపడమేగా అదీ? పెద్దలు చెప్పండి.

పాతకాపు:
తమ్ముడూ, నీ అనుమానం సబబే. 1981 నాటి ఐపీవీ4లోనే సోర్స్ రూటింగ్ ఉంది, ప్యాకెట్ హెడర్‌లో ఒక ఆప్షన్‌గా. ఆప్షన్లకు 40 బైట్లే చోటు కాబట్టి తొమ్మిది అడ్రసులకు మించి పట్టవు. అవతలి రూటర్ మీదుగా ట్రేస్‌రూట్ (దారిలో ఏ రూటర్లున్నాయో చూపే కమాండ్) కొట్టి చూడ్డానికి భలే పనికొచ్చేది.

కొంప ముంచింది జవాబు. దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఆర్‌లాగిన్ కాలంలో పంపినవాడి అడ్రస్ చూసి నమ్మేవాళ్ళం. దొంగ అడ్రస్‌తో ఎవడైనా ప్యాకెట్ పంపొచ్చు గానీ, జవాబు అసలు మెషీన్‌కే పోతుంది, పంపినవాడు గుడ్డివాడే. సోర్స్ రూట్‌లో వాడు తన మెషీన్‌ని కూడా మజిలీగా రాశాడంటే? వచ్చిన దారినే తిప్పి పంపాలని టీసీపీ నియమం. జవాబు నేరుగా వాడి చేతికే.

ఐపీవీ6లోనూ బుద్ధి రాలేదు. అందులో సోర్స్ రూటింగ్‌కి పెట్టిన టైప్ 0 హెడర్‌లో రెండు రూటర్ల అడ్రసులు మార్చిమార్చి రాస్తే ప్యాకెట్ వాటి మధ్య బంతిలా తిరుగుతుంది. ట్రాఫిక్ 88 రెట్లు పెరుగుతుందని 2007లో కాన్‌సెక్‌వెస్ట్ భద్రతా సదస్సులో చూపించారు. అదే ఏడాది డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్ఎఫ్‌సీ 5095 దాన్ని పాతిపెట్టింది.

సెగ్మెంట్‌శీను:
అన్నా, చరిత్ర కరెక్టే, కానీ అప్పుడు దారి రాసింది ఊరూపేరూ లేనివాడు. ఇక్కడ రాసేది మన అంచు రూటరే. దారుల్ని ముందే బుక్ చేసే పాత పద్ధతి ఆర్‌ఎస్‌వీపీలో ఒక్కో టన్నెల్ లెక్క మధ్య రూటర్లన్నీ మోయాలి, ఆ చాకిరీ పోతుంది. లింకు తెగితే 50 మిల్లీసెకన్లలోపే పక్కదారి. మన సిడ్ అడ్రసులకు (దారిలోని మజిలీలకు పెట్టుకున్నవి) బయటనుంచి వచ్చే ప్యాకెట్లను సరిహద్దులోనే పారేయమని ఆర్ఎఫ్‌సీ 8754లోనే ఉంది.

పాతకాపు:
ఆ ‘సరిహద్దులోనే’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఎంపీఎల్ఎస్ (ఐపీ అడ్రస్ బదులు లేబుల్ చూసి పంపే పద్ధతి) ఆన్ చేయని ఇంటర్‌ఫేస్‌కి లేబుల్ ప్యాకెట్ వస్తే రూటర్ పారేస్తుంది, మనం మరిచిపోయినా సరే. ఎస్ఆర్‌వీ6 మామూలు ఐపీవీ6 ప్యాకెట్టే, ఫిల్టర్ లేకపోతే దర్జాగా లోపలికొస్తుంది. నేను పనిచేసిన ఒకచోట పక్క నెట్‌వర్క్‌తో కొత్త పీరింగ్ లింకు ఎక్కించేటప్పుడు టెంప్లేట్‌లో ఏసీఎల్ (ఫిల్టర్) లైను జారిపోయింది. మూడు వారాలు ఎవరికీ తెలీలేదు. అన్నీ పనిచేస్తుంటే ఎవడు చూస్తాడు?

సెగ్మెంట్‌శీను:
అందుకేగా 2024లో 5ఎఫ్00తో మొదలయ్యే /16 అడ్రసుల బ్లాకుని సిడ్‌లకే విడిగా ఇచ్చారు. ఫిల్టర్ ఒక్క లైనులో అయిపోతుంది.

పాతకాపు:
ఆ ఒక్క లైనే కదయ్యా జారిపోయేది! పైగా ఇప్పటికే సొంత బ్లాకుల్లోంచి సిడ్‌లు పంచుకున్నవాళ్ళు నంబర్లు మార్చుకుంటారా? ఎంపీఎల్ఎస్ ఉన్న నెట్‌వర్క్ అయితే ఎస్ఆర్-ఎంపీఎల్ఎస్ (లేబుళ్ళతోనే సెగ్మెంట్ రూటింగ్) పెట్టుకోండి. అందులోనూ దారి ముందే రాసి పంపొచ్చు, మధ్య రూటర్లకు లెక్కల బరువూ ఉండదు.

కొత్తరూటర్:
మాది ఎంపీఎల్ఎస్సే. ముందు అంచు ఇంటర్‌ఫేస్‌లు లెక్కపెడదామని కూర్చున్నా. డాక్యుమెంటులో 41 ఉన్నాయి, మానిటరింగ్‌లో 46 కనిపిస్తున్నాయి. ఆర్కిటెక్టుగారికి రేపు ఆ ఐదింటి సంగతే చెప్తా.