కోటసారస్ తల ఎత్తి మేసేదా, దించి మేసేదా? లోపలి చెవిని బట్టి చెప్పవచ్చునా?

ప్రశ్న: జీవశాస్త్రం టీచర్, మలక్‌పేట

నేను నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. పోయిన నెల పదో తరగతి పిల్లలను నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకువెళ్లాను. డైనోసారియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం దగ్గర పిల్లలు చాలాసేపు ఆగిపోయారు. ఒక అమ్మాయి దాని తలనే తదేకంగా చూసి, ‘టీచర్, ఇది తల ఎత్తి చెట్ల ఆకులు తినేదా, కిందకి వంగి మేసేదా? రాత్రి తిరిగేదా, పగలు తిరిగేదా? బొక్కలు చూసి ఎట్ల తెలుస్తది?’ అని అడిగింది.

అంతరించిపోయిన జంతువుల లోపలి చెవిని పరిశీలించి వాటి నడక, వినికిడి, తల నిలిపే తీరు తెలుసుకుంటున్నారని చదివాను. అర్ధవృత్తాకార కుల్యలు శరీర సమతాస్థితికి, కర్ణావర్తం వినికిడికి అని పాఠంలో రెండు వాక్యాలు చెప్పి ముందుకు వెళ్లిపోతాం. కానీ అవన్నీ పల్చటి పొరలు, వాటిలో ద్రవం. కోట్ల ఏళ్ల తరువాత రాయిలో వాటిలో ఏది మిగులుతుంది? మిగిలినదాన్ని బట్టి చెప్పే మాటలను ఎంతవరకు నమ్మవచ్చు? ఆ అమ్మాయికి తప్పు చెప్పకూడదని అడుగుతున్నాను.

జవాబు: రాతిపొర, తార్నాక

టీచర్ గారూ, పొరలు మిగలవు, ద్రవమూ మిగలదు. అవి ఇమిడి ఉన్న ఎముకలోని ఖాళీ మాత్రం మిగులుతుంది. క్షీరదాలలో ఆ భాగాన్ని చుట్టి ఉండే ఎముక శరీరంలోకెల్లా గట్టిది కనుక, మిగతా పుర్రె ముక్కలైపోయినా అది తరచుగా దొరుకుతుంది. పూర్వం ఆ ఖాళీని చూడాలంటే శిలాజాన్ని కోయవలసి వచ్చేది. ఇప్పుడు సీటీ స్కాన్‌లో పొర తరువాత పొరగా చిత్రాలు తీసి, ఖాళీ ఉన్నంత మేర కంప్యూటర్‌లో రంగు నింపితే, నత్తగుల్లకు మూడు గాజులు అతికించినట్టుండే ఆకారం బయటపడుతుంది. నత్తగుల్ల కర్ణావర్తం, గాజులు కుల్యలు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ తిమింగలాలది. వాటి పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్లతో తిరిగిన జంతువులు. కచ్ ప్రాంతంలోను, పాకిస్తాన్‌లోను దొరికిన ఆ తొలి తిమింగలాల చెవులను స్కాన్ చేసి, 2002లో ఫ్రెడ్ స్పూర్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నేలను పూర్తిగా వదలని తొలి జాతుల కుల్యలు నేల జంతువుల వాటిలాగే ఉన్నాయి. ఆ తరువాతి జాతులలో మాత్రం, కాళ్లు ఇంకా ఉండగానే, కుల్యలు శరీరానికి పొసగనంత చిన్నవైపోయాయి. నేటి నీలి తిమింగలం కుల్యలు మనిషి కుల్యల కంటే చిన్నవంటే ఆ మార్పు ఎంతటిదో ఊహించండి. నీటి బతుకుకు చెవి తొందరగా మారిందని, కాళ్లు తరువాత నెమ్మదిగా తగ్గాయని ఆ శిలాజాలు చెబుతున్నాయి.

మరొక సంగతి, లోపలి చెవిది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర సేకరించి పెట్టిన రాళ్లు ఆయన మరణానంతరం తిమింగలాల పూర్వీకులను పరిశోధించే హాన్స్ థీవిసెన్ ప్రయోగశాలకు చేరాయి. వాటిలో ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా పొరపాటున చెవి భాగం విరిగింది. విరిగిన చోట, మధ్య చెవిని కప్పే ఎముక ఒక వైపు బాగా మందంగా, తిమింగలాలకు ఉన్నట్టే ఉంది. దాదాపు 4.8 కోట్ల ఏళ్ల నాటి ఇండోహ్యూస్ అనే ఆ చిన్న జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు.

జవాబు: చెవి వైద్యం, హిమాయత్‌నగర్

నేను తలతిప్పు రోగులను చూసే విభాగంలో పనిచేస్తాను. శిలాజాలు నా రంగం కాదు కానీ, కుల్యల పరిమాణానికి, జంతువు చురుకుదనానికి సంబంధం ఎందుకుంటుందో చెప్పగలను.

తరగతిలో ఒక స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, నీటి మీద ఒక వేపాకు వేసి, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని చటుక్కున పావువంతు తిప్పించండి. గిన్నె తిరుగుతుంది, ఆకు మాత్రం మొదట చూస్తున్న దిక్కునే చూస్తూ ఉండిపోతుంది. కుల్యలోని ద్రవం కూడా ఇలాగే వెనకబడి, దారికి అడ్డంగా ఉన్న జిగురు తెరను నెడుతుంది. ఆ తెరలోకి చొచ్చుకుని ఉన్న సన్నని రోమాలు వంగి, తల ఎటు ఎంత వేగంగా తిరిగిందో మెదడుకు తెలుపుతాయి. కుల్య వలయం పెద్దదైన కొద్దీ చిన్న కదలికను కూడా పసిగట్టగలదు.

ఈ సమాచారం ముందుగా కళ్లకే పోతుంది. మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలగానే గది తిరిగిపోతోందని వచ్చే రోగిని పడుకోబెట్టి తల తిప్పితే, క్షణాల్లోనే కనుగుడ్లు వాటంతట అవే ఒక వైపు కొట్టుకోవడం మొదలుపెడతాయి. లోపలి చెవిలోనే ఉండే సున్నపు కణికలు కొన్ని తమ చోటు తప్పి కుల్యలోకి జారడమే దానికి కారణం. తల కదిలినా చూపు చెదరకుండా నిలపడం కుల్యల ముఖ్యమైన పని. కొమ్మ నుంచి కొమ్మకు దూకే కోతికి ఆ అవసరం ఎక్కువ, నింపాదిగా పాకే దేవాంగపిల్లికి తక్కువ. 2007లో ప్రైమేట్లను (కోతులు, దేవాంగపిల్లి, మనిషి ఉన్న వర్గం), ఇతర క్షీరదాలను పోల్చిన పరిశోధనలో, శరీర బరువును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా చురుకైన జాతులకు కుల్యలు పెద్దవిగా ఉన్నట్టు తేలింది.

జవాబు: గోదావరి లోయ

పై ఇద్దరూ చెప్పినది సరైనదే. అయితే పిల్లలకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చెవి ఆకారం నుంచి నేరుగా ప్రవర్తనకు దూకకూడదు.

మీ విద్యార్థిని ప్రశ్నకు దగ్గరగా ఉన్నది నైజర్ దేశంలో దొరికిన నైజర్‌సారస్ అనే డైనోసార్ కథ. పక్కకు ఉండే కుల్య మామూలుగా నేలకు సమాంతరంగా నిలుస్తుందన్న ఊహతో, ఆ జంతువు మూతిని కిందికి వాల్చి నేల మీది మొక్కలను మేసేదని 2007లో చెప్పారు. 2013లో వేరే పరిశోధకులు బతికి ఉన్న జంతువులలో ఆ కుల్య వాలు జాతిని బట్టి ఎంతగానో మారుతోందని, దాన్ని మాత్రమే ఆధారం చేసుకుని తల వాలు నిర్ణయించలేమని అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం బలమైనదేనని నా అభిప్రాయం. 2021లోనూ ఇలాగే జరిగింది: డైనోసార్ల, మొసళ్ల వంశాలలో కుల్యల ఆకారం నడక తీరును, ఎగరడాన్ని సూచిస్తుందని ఒక బృందం అంటే, ఆ ఆకారానికి నడకతో ఉన్న సంబంధం బలహీనమని, పుర్రెలో ఉన్న చోటు కూడా దాన్ని మలుస్తుందని మరొక బృందం అంది.

నేను ఎక్కువగా నమ్మేది రెండు వేర్వేరు అవయవాలు ఒకే మాట చెప్పినప్పుడు. మంగోలియాలోని గోబీ ఎడారిలో దొరికిన షువూయియా అనే డైనోసార్ కోడి అంత ఉంటుంది. దాని కర్ణావర్తం అసాధారణంగా పొడవైనది. చీకట్లో చప్పుడును బట్టి ఎలుకను పట్టే గుడ్లగూబ కర్ణావర్తంతో పోల్చదగినది. కంటి చుట్టూ ఉండే ఎముక వలయం చూస్తే కనుపాప కూడా చాలా పెద్దదని తేలింది. చెవి ఒకటే అయితే సందేహించేవాడిని. కన్ను కూడా సాక్ష్యం ఇస్తోంది కనుక అది రాత్రి వేటాడేదన్న 2021 నాటి నిర్ధారణను అంగీకరిస్తాను.

ఇక కోటసారస్. ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర కోట శిలాస్తరాలలో దొరికిన ఈ జంతువుకు పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు దొరికినా, పుర్రె దొరకలేదు. రెండు పళ్లు మాత్రమే ఉన్నాయి. పుర్రె లేదంటే లోపలి చెవి కూడా లేదు. మ్యూజియంలో ఆ అమ్మాయి చూసిన తల బంధువులైన డైనోసార్లను బట్టి ఊహించి చేసినది.

టీచర్, మలక్‌పేట

అందరికీ కృతజ్ఞతలు. ఆ తల గురించి తెలియకుండా అంతసేపు దాని ముందు నిలబడి పాఠం చెప్పానని బాధగా ఉంది. సోమవారం గిన్నె, వేపాకు తీసుకువెళ్లి, ముందుగా తల సంగతే చెబుతాను. ఆ రెండు పళ్లు ఎలా ఉంటాయి? వాటినిబట్టి ఏమైనా చెప్పవచ్చునా?

గోదావరి లోయ

చెంచా ఆకారంలో ఉంటాయి. మొక్కలను తినేదని చెప్పడానికి అవి చాలు. ఆ మొక్క చెట్టు కొమ్మా, నేల మీది ఆకా అన్నది పళ్లు చెప్పవు. కోట శిలాస్తరాలలోనే దొరికిన బారపాసారస్ అనే మరో డైనోసార్‌కు కూడా పుర్రె లేదు కనుక, దాని నుంచి అరువు తెచ్చుకునే వీలు కూడా లేదు.