స్మార్ట్ మీటరు తప్పు కాదని తేలింది. ఆ మాట ధర్నాలో చెప్పాలా, వద్దా?

పాతరేడియో (తిరుపతి, కొర్లగుంట)

అందరికీ నమస్కారం. కొన్ని రోజులుగా ఇంట్లో, వీధిలో ఒకటే వాదన. తెగక ఇక్కడ పెడతా ఉన్నాను. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మా వీధిలో దుకాణాలకు స్మార్ట్ మీటర్లు బిగించి మూడు నెలలైంది. తరువాత ఇళ్లకు అంటా ఉన్నారు. వద్దని వీధివాళ్లమంతా ఆదివారాలు షామియానా వేసుకొని కూర్చుంటా ఉన్నాం. నేనూ పోతాను. రిటైరైనాక నాకు మిగిలిన పని పాత రేడియోలు బాగుచేయడం. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, ఏది దొరికితే అది. ఆదివారం పొద్దున నాలుగు గంటలు ఆ బల్ల ముందు కూర్చుంటే వారమంతా మనసు నిలకడగా ఉంటుంది. ధర్నా మొదలైనాక ఆ నాలుగు గంటలూ పోయినాయి. దానికి బాధ లేదు. బాధ వేరే.

మా ఇంటి కింద చిన్న అంగడి ఉంది, ఒక టైలరుకు బాడుగకు ఇచ్చినాం. అక్కడ మొన్నటిదాకా తిరిగే చక్రం మీటరు. అది తీసి స్మార్ట్ మీటరు పెట్టిన నెల నుంచి ఆయన బిల్లు దాదాపు మూడు వందలు పెరిగింది. 'మీటరు పరుగెత్తుతా ఉంది' అని ధర్నాలో అందరం చెప్పినాం. మైకులో నేనే చెప్పినాను.

పోయిన బుధవారం రేడియో పని పక్కన పెట్టి, పరుగు సంగతేందో చూద్దామని కూర్చున్నాను. మీటరు మీద చిన్న ఎర్రలైటు మినుకుతా ఉంటుంది కదా, దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. మేడమీద మా ఇంటి ఎలక్ట్రానిక్ మీటరుకు 1600, కింద కొత్తదానికి 3200. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసుకున్నాను. ఆ వేళకు ఓల్టేజి 220 ఉంది, నా వాట్‌మీటరులో బల్బు 93 వాట్లు లాగుతా ఉంది. మిగతావన్నీ ఆపి ఒక్కొక్క మీటరు మీద అరగంట వెలిగించి లెక్కపెట్టినాను. మేడమీద 74 వచ్చినాయి. కింద, మా ఇంటి మెయిన్ కూడా ఆపేసి లెక్కపెడితే, 149. కాగితం మీద రెండూ సరిగ్గా రావలసినంతే. కొత్త మీటరు పరుగెత్తడం లేదు.

ఆ తరువాత మేడమీద మెయిన్ వేసినాను. కింద మిషనూ, ఫ్యానూ, లైటూ అన్నీ ఆపే ఉన్నాయి. అయినా కింది మీటరు మినుకుతా ఉంది. పక్కనే 'ఎర్త్' అని ఉన్న లైటు, అంటే వచ్చే కరెంటూ తిరిగి పోయే కరెంటూ సమానం కాకపోతే వెలిగేది, వెలిగింది. మేడమీద మా ఫ్రిజ్ ఆపితే అదీ ఆరిపోయింది. మెట్ల కింద జంక్షన్ బాక్సు విప్పి చూస్తే ఇంటి న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ), అంగడి న్యూట్రల్ రెండూ కలిపి టేపు చుట్టి ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు వైర్‌మన్ చేసిన పని. ఇప్పటి మీటర్లు కరెంటు వచ్చే ఫేజ్ తీగనూ న్యూట్రల్ తీగనూ రెండింటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్ని యూనిట్లుగా వేస్తాయి. పాత చక్రం మీటరు ఫేజ్ ఒక్కటే చూసేది. అంటే మా ఫ్రిజ్ కరెంటులో కొంత టైలరు బిల్లులో కూడా పడింది. మూడు నెలలు ఆయన కట్టినాడు. ఆ డబ్బు బాడుగలో తగ్గించినాను.

ఆదివారం షామియానాలో ఈ సంగతి చెప్పినాను. పెద్దాయన ఒకరు చెయ్యి పట్టుకొని, 'సార్, ఇప్పుడు ఈ మాట మైకులో అన్నారంటే మూడు నెలల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. ఇంటికి పోయి మీ రేడియోలు చూసుకోండి' అన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పాలా? ఊరుకోవాలా? ఈ ఆదివారం పోవాలా, బల్ల ముందు కూర్చోవాలా?

లైన్‌మన్ కొడుకు (చిత్తూరు, గిరింపేట)

చెప్పండి సార్. ఇందులో అడిగేదేముంది?

ఫేజ్, న్యూట్రల్ రెండూ కొలవడం స్మార్ట్ మీటరుతో వచ్చింది కాదు, అంతకు ముందున్న ఎలక్ట్రానిక్ మీటర్లలోనే ఉంది. ఫేజ్ తీసుకొని ఎర్త్ రాడ్డులోకి కరెంటు వెనక్కి పంపే దొంగ వాడకాన్ని పట్టుకోవడానికి పెట్టినారు. చక్రం మీటరు నుంచి నేరుగా స్మార్ట్ మీటరుకు వచ్చిన ఇళ్లలోనే ఒక్కసారిగా తేడా కనబడుతుంది. ఇంకొకటి, చాలామంది బిల్లు పెరిగితే మీటరునే తిడుతున్నారు. యూనిట్‌కు ఇంత అని ఇంధన సర్దుబాటు చార్జీ వేస్తున్నారు కదా, అది ఏ మీటరున్నా పడుతుంది. బిల్లు తిప్పి చూడరు.

నేను స్మార్ట్ మీటరు కావాలనేవాణ్ణి. మా నాయన ముప్పై ఏళ్లు స్తంభాలెక్కినాడు. గాలివానలో ఎవరో ఫోను చేస్తే తప్ప ఎక్కడ లైను పోయిందో తెలియదు. రాత్రి పన్నెండుకు టార్చి పట్టుకొని ఫ్యూజులు వెతుక్కుంటా పోయేవాడు, తలుపు దగ్గర అమ్మ కూర్చొని ఉండేది. ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద కరెంటు పోయిందో మీటరే చెప్తే ఒక మనిషి ప్రాణం కుదుటపడుతుంది. దీన్ని కూడా మీ ధర్నాలో ఎవరైనా అంటే బాగుంటుంది.

దర్గాసర్కిల్ (చిత్తూరు)

తమ్ముడూ, మీ నాయన కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ మీటర్లు తెచ్చింది ఆయన కోసం కాదు. 2021లో కేంద్రం తెచ్చిన 3,03,758 కోట్ల పథకం ఇది. 25 కోట్ల స్మార్ట్ మీటర్లు, అవీ ప్రీపెయిడ్ పద్ధతిలో. ఒక్కో మీటరుకు మన రాష్ట్రం లాంటివాటికి కేంద్రం ఇచ్చేది ఖర్చులో 15 శాతం, మించితే 900 రూపాయలు. మిగతాది కాంట్రాక్టరు పెట్టుకొని నెలనెలా రాబట్టుకుంటాడు. తిరిగి తిరిగి అది మన బిల్లులోకే వస్తుంది.

ఇంకో సంగతి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బాకీ ఉన్నా సరే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదు. ప్రీపెయిడ్ అయితే? బ్యాలెన్సు అయిపోతే ఎవరూ గడప తొక్కరు, మెసేజి వస్తుంది, కరెంటు పోతుంది. పసిపిల్ల ఉన్న ఇల్లా, ఆక్సిజన్ మీద ముసలాయన ఉన్నాడా, మీటరుకు ఏం తెలుసు?

పాతరేడియో అన్నా, మీ లెక్క తప్పనను. మైకులో వద్దంటున్నాను. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ఊరేగింపుగా వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిగినాయి. ముగ్గురు పోయినారు. నేనప్పుడు ఇంటరు. రాష్ట్రమంతా ఒక్క మాట మీద నిలబడితేనే ఆ ఉద్యమం అంత దూరం పోయింది. 'మీటరు కరెక్టే' అన్న మీ ఒక్క వాక్యాన్ని కత్తిరించి రేపు వాట్సాప్‌లో తిప్పుతారు. మీ న్యూట్రల్ కథ ఎవరూ వినరు.

కాళహస్తి కలంకారి (శ్రీకాళహస్తి)

నేను కలంకారీ వేస్తాను. ఇప్పటికీ ఇంటి పనే, అంగడి లేదు. పాతరేడియో అన్న రాసింది చదివి నా నల్లరంగు కుండ గుర్తొచ్చింది.

తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి మూడు వారాల దాకా మురగనిస్తే మాకు నల్లరంగు వస్తుంది. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతాం. కరక్కాయ ఉంటేనే ఆ ఇనుపనీళ్లు నల్లగా తిరుగుతాయి. పాలలో వెన్న ఉంటేనే కలం గీత పక్కకు పాకదు. మొదట్లో ఒకసారి నా గీతలన్నీ పాకిపోయినాయి. రంగు చెడిందని కుండెడు పారబోసినాను. మళ్లీ మూడు వారాలు. మళ్లీ పాకింది. అప్పుడు మా గురువుగారు బట్ట వాసన చూసి, 'పాలు పలచన చేసినావు తల్లీ, రంగునెందుకు తిడతావు' అన్నారు. ఆ కుండ పారబోసిన రోజు ఇప్పటికీ మనసులో మెదులుతుంది.

దర్గాసర్కిల్ అన్నా, కత్తిరించి తిప్పుతారని నిజం దాస్తే, రేపు మీ షామియానాలోకి వచ్చిన ఇంకొక టైలరు ఏం చేస్తాడు? వాళ్లింట్లో కూడా న్యూట్రల్ కలిసే ఉంటే? మీ మాట నమ్మి మీటరును తిడతా, ప్రతి నెలా పక్కింటి కరెంటుకు డబ్బు కడతా ఉంటాడు. ధర్నాకు వచ్చింది ఆయన కోసమే కదా.

పాతరేడియో అన్నకు ఇంకొక మాట. ఇంటికి పోయి రేడియోలు చూసుకోమన్నారని బాధపడొద్దు. ఆ రేడియోలు చూసుకునే చెయ్యి కాబట్టే మెట్ల కింద బాక్సు విప్పింది. నేనూ ఒక ఏడాది ఊరి చెరువు కబ్జా గొడవలో తిరిగి కలం ముట్టలేదు. ఏడాది చివర ఇంట్లో అందరి మీదా అరిచే మనిషినైపోయినాను. ఒక పూట అయినా బల్ల ముందు కూర్చోండి.

బెంగళూరు తిరుపతోడు

మామా, నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, మా అమ్మానాన్న ఎన్‌జీవో కాలనీలో ఉంటారు. మీ బల్బు పరీక్షకు దండం. కానీ మీరు పరీక్షించింది మీటరు కొలవడం ఒక్కటే. నా అనుమానం ఇంకో రెండు పనుల మీద.

మొదటిది, ఆ మీటరు రోజంతా కొన్ని నిమిషాలకొకసారి వాడకాన్ని దాచుకొని పంపుతుంది. అది వరుసగా చూస్తే అమ్మ ఎన్ని గంటలకు లేచి మిక్సీ వేసిందో, ఇంట్లో ఎవరూ లేక మూడు రోజులు తిరుమలకు పోయినారో, గీజరు ఎన్ని నిమిషాలు పనిచేసిందో తెలిసిపోతుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. మా ఇంటి వాడకం గీత ఎవరి దగ్గర ఎన్నేళ్లు ఉంటుంది, కాంట్రాక్టరు చూడొచ్చా, ఎవరికైనా ఇవ్వొచ్చా? దీనికి జవాబు కాగితం మీద అడగండి.

రెండోది, లోపల దూరం నుంచి ఆపే స్విచ్చి ఉంది. నేను రోజూ చూసేది ఇదే పని: ఒక తప్పు అప్‌డేట్ పోతే వేలమందికి ఒకేసారి పోతుంది. మా ఆఫీసులో అయితే యాప్ ఆగుతుంది, వెనక్కి తిప్పుతాం. ఇక్కడ ఇంట్లో ఫ్యాను ఆగుతుంది. టెక్నాలజీ మీద నాకున్న భయం టెక్నాలజీ తెలియక వచ్చింది కాదు.

మేడతోట (తిరుపతి, మంగళం)

అన్నా, చర్చ పెద్దది, నాకు చిన్న సందేహం. మాదీ కింద అంగడి, మేడమీద ఇల్లు. తోటకు మోటరు కింది మీటరు నుంచి. ఆ ఎర్త్ లైటు నేను ఎట్లా చూసేది?

పాతరేడియో

అమ్మా, మీటరును ముట్టుకోవద్దు, సీలు జోలికి అసలు పోవద్దు. ఊరికే చూడటమే. కింది మీటరు మీద ఉన్నవన్నీ, మోటరుతో సహా ఆపేసి, మేడమీద ఇస్త్రీపెట్టె వేయండి. కింది మీటరు మినుకుతా ఉంటే న్యూట్రల్ కలిసి ఉంటుంది. కొన్ని మీటర్లలో లైటు బదులు తెర మీద గుర్తు వస్తుంది. బాక్సు మాత్రం మీరు విప్పవద్దు, లైసెన్సున్న వైర్‌మన్‌ను పిలవండి.

లైన్‌మన్ కొడుకు

బెంగళూరు అన్న చెప్పిన డేటా సంగతి ఒప్పుకుంటాను, దాని మీద నా దగ్గర జవాబు లేదు. మీటరు తప్పని ఎవరికైనా అనుమానముంటే మాత్రం దారి ఉంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం, రీడింగ్ మీద ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో పక్కనే ఇంకొక మీటరు పెట్టి, కనీసం 3 నెలలు రెండూ పోల్చి చూడాలి. షామియానా కింద ఇది ఒక్కరైనా చెప్పినారా?

దర్గాసర్కిల్

చెప్పలేదు. తప్పే.

కానీ నువ్వు కూడా అవే నిబంధనలకు 2023 జూన్‌లో చేసిన సవరణ చెప్పలేదు. స్మార్ట్ మీటరు పెట్టగానే రోజులో వేళను బట్టి రేటు. ఎండ ఉన్న గంటల్లో కనీసం 20 శాతం తక్కువ అన్నారు, బాగుంది. రద్దీ గంటల్లో ఇళ్లకు కనీసం 1.10 రెట్లు. రద్దీ ఎప్పుడు? సాయంత్రం. కూలిపనికి పోయి ఆరుగంటలకు ఇల్లు చేరే మనిషి ఎండపూట మోటరు ఎట్లా వేస్తాడు? ఎంత వేయాలో చివరికి మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేల్చాలి, కాబట్టి అడగాల్సింది ఇప్పుడే. స్పాట్ బిల్లింగ్ చేసే పిల్లోళ్ల సంగతి కూడా మరచిపోతా ఉన్నాం. ఇంటింటికీ తిరిగి బిల్లు కొట్టి, బిల్లుకింత అని బతికేవాళ్లు. మీటరే లెక్క పంపితే వాళ్ల పని పోతుంది. మా వీధికి వచ్చే అబ్బాయి డిగ్రీ చదివినాడు, తొమ్మిదేళ్లుగా ఎండలో తిరుగుతున్నాడు.

పాతరేడియో అన్నా, కాళహస్తి అక్క మాటకు రాత్రంతా ఆలోచించినాను. ఉత్తగా 'మీటరు కరెక్టే' అని దిగిపోవద్దు. ఏం దొరికింది, ఎట్లా దొరికింది, దానికి మనం ఏం అడుగుతున్నాం, మూడూ ఒక్క ఊపులో చెప్పండి. అప్పుడు కత్తిరించేవాడికి కూడా కష్టమే.

పాతరేడియో

నాలుగు రోజులుగా రాయలేకపోయినాను, మన్నించండి. వీధిలో చక్రం మీటరు పోయి ఎలక్ట్రానిక్‌దో స్మార్ట్‌దో వచ్చిన 11 ఇళ్లూ అంగళ్లూ తిరిగి చూసినాను. మూడుచోట్ల అదే ఎర్త్ లైటు. వాటిలో ఒక ఇంట్లో న్యూట్రల్ కాదు, గీజరులో కరెంటు లీకు. ఆ ఇంటి అమ్మాయికి కుళాయి ముట్టుకుంటే అప్పుడప్పుడు జివ్వుమంటా ఉందంట, చలికి అనుకున్నారంట. గీజరు వెంటనే ఆపించినాను. నాకు చేతులు వణికినాయి.

నిన్న రాత్రి షామియానా పెద్దాయన మా ఇంటికి వచ్చినాడు. నోటుపుస్తకం చూపించినాను. చాలాసేపు చూసి, 'ఆదివారం మీరే మాట్లాడండి' అన్నాడు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ కూడా మార్చి రాసినాం. పాత మీటరు మార్చే ముందు ఆ ఇంటి న్యూట్రలూ లీకూ పరీక్షించి కాగితం ఇవ్వాలి, తప్పుంటే సరిచేసుకునేదానికి గడువివ్వాలి. ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ప్రీపెయిడ్‌కు మార్చకూడదు, 15 రోజుల నోటీసు లేకుండా దూరం నుంచి కరెంటు ఆపకూడదు. అడిగినవాళ్లకు పక్క మీటరు 5 రోజుల్లో పెట్టాలి. స్పాట్ బిల్లింగ్ పిల్లోళ్లకు ఈ పరీక్ష పని ఇవ్వాలని కూడా చేర్చినాం, అది మా టైలరు ఆలోచన.

డేటా సంగతి మాకు రాయడం చేతకాలేదు. బెంగళూరు తమ్ముడూ, నాలుగు వాక్యాలు తేలిక తెలుగులో రాసి పంపు. శనివారం రాత్రి తొమ్మిదికల్లా కావాలి, జెరాక్స్ అంగడి తొమ్మిదిన్నరకు మూస్తాడు.

బెంగళూరు తిరుపతోడు

పంపినాను మామా. మూడు వాక్యాల్లోనే అయిపోయింది. అమ్మకు ఫోనులో చదివి వినిపించినాను, 'గీత' అంటే ఏందిరా అనింది, అది తీసేసి 'ఏ గంటకు ఎంత వాడినామో ఆ లెక్క' అని మార్చినాను.

దర్గాసర్కిల్

ఆదివారం మొదటి బస్సుకు చిత్తూరు నుంచి నేనూ వస్తాను. అన్నా, ఆ బల్బూ, వాట్‌మీటరూ షామియానా దగ్గరికి తెస్తారా? లెక్కపెట్టడం నేనూ నేర్చుకోవాలి.