వరసగా మూడేళ్లు రెండో స్థానం: ఆర్టెటాతో ఆర్సెనల్ లీగ్ కొడుతుందా?

(వైజాగ్ ఫుట్‌బాల్ చర్చా వేదిక, ప్రీమియర్ లీగ్ విభాగం, 2025 ఆగస్టు, సీజన్ మొదలయ్యే వారం)

గాజువాక గన్నర్:
ఆదివారం రాత్రి 9కి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో మన ఆర్సెనల్ మొదటి మ్యాచ్. ఈలోపే మేనేజర్ ఆర్టెటాని ఉంచాలా, మార్చాలా అన్న ఈ గొడవ తేల్చుకుందాం. ఆర్టెటా వచ్చింది 2019 డిసెంబరులో. అప్పటి నుంచి లీగ్‌లో మన స్థానాలు 8, 8, 5, 2, 2, 2. పాయింట్లు 56, 61, 69, 84, 89, 74. మొదటి సీజన్లోనే ఎఫ్ఏ కప్పు వచ్చింది, ఆ తర్వాత పెద్ద కప్పు లేదు. లీగ్ ఆఖరిసారి వచ్చింది 2003-04లో, అప్పటి మేనేజర్ వెంగర్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కొట్టినప్పుడు.

పోయిన సీజన్ పట్టిక ఒకసారి చూడండి. లివర్‌పూల్ 25 గెలిచి, 9 డ్రా చేసి, 4 ఓడింది. మనం 20 గెలిచి, 14 డ్రా చేసి, 4 ఓడాం. ఓటములు సమానం గురూ! డ్రా గెలుపైతే 2 పాయింట్లు ఎక్కువ. ఐదు డ్రాలకి పది. 74కి పది కలిపితే 84, అచ్చంగా లివర్‌పూల్ లెక్క. ఇంత దగ్గరికి తెచ్చినవాణ్ణి మార్చమంటారేటి?

వాల్తేరు వింగర్:
కూడిక బాగానే వచ్చింది అన్నా. కానీ ఆ డ్రాలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. 14లో సగానికి పైగా ముందు గోల్ కొట్టింది మనమే. జనవరిలో సొంత మైదానంలో ఆస్టన్ విల్లా మీద 2-0తో ఉండి 2-2. బ్రైటన్‌లో 1-0తో ఉండి 1-1. ఎవర్టన్‌లో అంతే, బ్రెంట్‌ఫర్డ్‌తో అంతే. క్రిస్టల్ ప్యాలెస్‌తో ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు ముందుకెళ్లి రెండుసార్లూ వదిలేశాం. వల నిండా చేపలు పడ్డాక ఒడ్డుకి లాగేటప్పుడు జారవిడుచుకుంటే దాన్ని దురదృష్టం అనరు, లాగడం రాలేదంటారు.

ఇంకో అంకె. 2023-24లో 91 గోల్స్, 2024-25లో 69. ఇరవై రెండు తగ్గాయి. లీగ్‌లో మన టాప్ స్కోరర్ హావెర్ట్‌జ్, 9 గోల్స్. అటు లివర్‌పూల్‌లో సలా ఒక్కడే 29. జనవరిలో జెసూస్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆటగాళ్లని కొనే మార్కెట్ తెరిచే ఉంది, అయినా స్ట్రైకర్ని కొనలేదు. ఫిబ్రవరిలో హావెర్ట్‌జ్ తొడ కండరం పోయింది. ఇక మిడ్‌ఫీల్డర్ మెరీనోని తీసుకెళ్లి ముందు నిలబెట్టారు. అతను పాపం లెస్టర్ మీద రెండు కొట్టి పరువు నిలిపాడు, అది వేరే సంగతి. ఈ నిర్ణయాల్లో మేనేజర్ పాత్ర లేదంటారా?

మధురవాడ రెఫరీ:
ఎర్ర కార్డులు కూడా చెప్పండి. మన మైదానంలో బ్రైటన్‌తో 1-0 మీద ఉండగా రైస్, మాంచెస్టర్ సిటీ దగ్గర 2-1 మీద ఉండగా ట్రోసార్డ్. ఇద్దరికీ రెండో పసుపు కార్డు ఒకే తప్పుకి: ఆట ఆగాక బంతిని అవతలకి తన్నడం. రెండూ డ్రాలే. సిటీ మ్యాచ్‌లో స్టోన్స్ సమం చేసింది 90+8వ నిమిషంలో. రూలు పుస్తకం ప్రకారం కార్డు ఇవ్వొచ్చు. కానీ అదే బ్రైటన్ మ్యాచ్‌లో వాళ్ల ఆటగాడు జొవావ్ పెద్రో అంతకుముందే బంతిని దూరంగా తన్నితే కార్డు రాలేదు. కొలత ఒకటే ఉండాలి కదా.

వాల్తేరు వింగర్:
ఒప్పుకుంటా. ఆ రెండు మ్యాచ్‌ల్లో పోయినవి 4 పాయింట్లు. కలిపినా 78. లివర్‌పూల్‌కి ఇంకా 6 దూరం. రెఫరీ ఖాతాలో రాయగలిగింది అంతే.

ఉక్కునగరం స్టాపర్:
డ్రాలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. ఆధిక్యం పోగొట్టుకున్నవి ఒక రకం. తలుపే తెరవలేకపోయినవి ఇంకో రకం: మన మైదానంలో ఎవర్టన్‌తో 0-0, ఫారెస్ట్ దగ్గర 0-0. రెండో రకం ఎందుకొస్తుందో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

బంతి మన దగ్గరున్నప్పుడు వెనక ముగ్గురు, వాళ్ల ముందు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు మధ్యలోకి జరిగిన లెఫ్ట్ బ్యాక్. 2022-23లో జించెంకో ఆ పని చేశాడు, పోయిన సీజన్లో కుర్రాడు లూయిస్-స్కెల్లీ. మిగతా ఐదుగురూ పైన. అవతలి జట్టు పదిమందితో బాక్స్ ముందు గోడ కడుతుంది. మన బంతి ఎక్కువగా కుడివైపు సాకా దగ్గరికే వెళ్తుంది. అతని మీదకి ఫుల్‌బ్యాక్, వింగర్ ఇద్దరూ వస్తారు. అప్పుడు ఓడెగార్డ్ దగ్గరికొచ్చి త్రికోణం కడతాడు, రైట్ బ్యాక్ లోపలినుంచి గోల్ లైన్ దాకా పరిగెత్తి బంతిని వెనక్కి కొట్టాలి. ఇంతవరకూ కళ్లు మూసుకుని చేస్తారు.

చిక్కు ఆ తర్వాతే. ఆ వెనక్కి వచ్చే బంతికి బాక్స్‌లో ముగ్గురు కావాలి. ఒకడు దగ్గరి పోస్టుకి దూకి ఒక సెంటర్ బ్యాక్‌ని లాక్కుపోవాలి. ఒకడు పెనాల్టీ మచ్చ దగ్గర ఆగాలి. ఒకడు దూరపు పోస్టు దగ్గర. హావెర్ట్‌జ్ మంచి ఆటగాడే, కానీ ఆట కలపడానికి కిందికొస్తాడు. అతను కిందికొస్తే సెంటర్ బ్యాకులిద్దరికీ కాపలా పనే లేదు, హాయిగా బంతి వైపు చూస్తూ నిలబడతారు. ఫ్లైఓవర్ రాకముందు ఎన్ఏడీ జంక్షన్ గుర్తుందా? బళ్లన్నీ ఒకే మూల ఇరుక్కుని, అవతలి రోడ్డు ఖాళీ. మన దాడి అలా ఉండేది. పైగా డిసెంబరు 21న ప్యాలెస్ మీద సాకా తొడ పట్టుకుని బయటికెళ్తే తిరిగొచ్చింది ఏప్రిల్ 1న. ఓడెగార్డ్ లీగ్ గోల్స్ 2022-23లో 15, పోయిన సీజన్లో 3.

గాజువాక గన్నర్:
కార్నర్లు మర్చిపోయావు తమ్ముడూ. 2023-24లో 16 గోల్స్ కార్నర్ల నుంచే.

ఉక్కునగరం స్టాపర్:
మర్చిపోలేదు అన్నా, అది కార్నర్లు, ఫ్రీకిక్కులు నేర్పే కోచ్ జోవర్ పుణ్యం. 2021లో సిటీ నుంచి వచ్చాడు. పద్ధతి చూడ్డానికి సులువు. కుడివైపు నుంచి ఎడమకాలి సాకా, ఎడమవైపు నుంచి కుడికాలి రైస్, రెండూ గోల్ వైపు వంగే బంతులే. ఐదారుగురు దూరపు పోస్టు అవతల గుంపుగా నిలబడతారు. కొట్టేవాడు చెయ్యి ఎత్తగానే పరుగు. ఒకడు, ఎక్కువగా బెన్ వైట్, కీపర్ ముందు అడ్డంగా నిలబడతాడు. డిఫెండర్ గాబ్రియెల్ వెనకనుంచి పరిగెత్తుకొచ్చి నిలబడ్డవాళ్ల మీంచి ఎగురుతాడు. నిలబడి ఎగిరేవాడు పరిగెత్తి ఎగిరేవాడితో పోటీపడలేడు, కిటుకంతా అదే. బంతి ఒక్క మీటరు తక్కువ పడితే మాత్రం దగ్గరి పోస్టు దగ్గరున్న మొదటివాడు తలతో కొట్టేస్తాడు, ఎదురుదాడి మొదలవుతుంది.

అయినా ఊరగాయ బాగుందని కూర మానేస్తామా? గాబ్రియెల్‌కి ఏప్రిల్‌లో తొడ కండరం పోయాక ఆ ఊరగాయ కూడా ఘాటు తగ్గింది.

సీతమ్మధార స్కౌస్:
లివర్‌పూల్ వాణ్ణి, నవ్వకుండా రాయడానికి ప్రయత్నిస్తా. మా మేనేజర్‌గా క్లాప్ 2015 అక్టోబరులో వచ్చాడు. మా స్థానాలు 8, 4, 4, 2, 1. ఆ రెండో స్థానం 97 పాయింట్లతో, అదే ఏడాది చాంపియన్స్ లీగ్ కూడా తెచ్చాడు. నాలుగో పూర్తి సీజన్లో లీగ్ 99 పాయింట్లతో. అతని తర్వాత వచ్చిన స్లాట్ అయితే వచ్చిన ఏడాదే కొట్టాడు. ఆర్టెటాకి ఇది ఆరో పూర్తి సీజన్. ఎంతకాలం "దగ్గర్లో ఉన్నాం" అంటారు?

గాజువాక గన్నర్:
స్లాట్‌కి క్లాప్ కట్టిన ఇల్లు తాళాలతో సహా చేతికొచ్చింది. ఆర్టెటాకి దొరికింది కూలిన గోడ. యునైటెడ్‌కి ఫెర్గూసన్ 1986 నవంబరులో మేనేజర్‌గా వచ్చి లీగ్ కొట్టింది 1992-93లో.

సీతమ్మధార స్కౌస్:
మధ్యలో 1990లో ఎఫ్ఏ కప్పు, 1991లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు ఉన్నాయి సార్. వాటిని దాటేసి చెప్తే ఎలా?

పెదగంట్యాడ పాస్‌మాస్టర్:
నేను ఇద్దరితోనూ సగం సగం. ఆర్టెటాకి ఒక గుణం ఉంది, ప్రతి వేసవిలోనూ కిందటేడు చిల్లు ఎక్కడో కనిపెట్టి పూడుస్తాడు. 2022-23లో మార్చి 16న స్పోర్టింగ్ మ్యాచ్‌లో డిఫెండర్ సలీబా వెన్ను పట్టేసింది. ఏప్రిల్‌లో లివర్‌పూల్, వెస్ట్‌హామ్, సౌతాంప్టన్‌లతో వరసగా మూడు డ్రాలు, ఆ వెంటనే సిటీ దగ్గర 4-1 ఓటమి. ఆ సీజన్లో తిన్న గోల్స్ 43. వేసవిలో రైస్, టింబర్ వచ్చారు. టింబర్ మొదటి లీగ్ మ్యాచ్‌లోనే మోకాలు పోగొట్టుకున్నా, ఆ ఏడు తిన్నవి 29. జనవరి నుంచి చివరి 18 మ్యాచ్‌ల్లో 16 గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. అయినా సిటీ 91 చేసి రెండు పాయింట్లతో ఎత్తుకుపోయింది. అక్కడ ఆర్టెటాని ఏమనగలం?

అనాల్సింది 2024 వేసవి గురించి. డిఫెన్స్ బాగుందని తెలిసీ కలఫియోరీని, మెరీనోని కొన్నాడు. స్ట్రైకర్ని కొనలేదు. చిల్లు ఒకచోట ఉంటే సిమెంటు ఇంకోచోట వేశాడు.

వాల్తేరు వింగర్:
అదీ మాట. ఇప్పుడు స్ట్రైకర్ గ్యోకెరెస్ వచ్చాడుగా, అందరూ పండగ చేసుకుంటున్నారు. పోర్చుగల్ లీగ్‌లో 39 గోల్స్, పెనాల్టీలు తీసేసినా పెద్ద లెక్కే. కానీ వాటిలో చాలా వరకూ ఖాళీలోకి ఎడమవైపుగా దూసుకెళ్లి కొట్టినవి. పదిమంది గోడ కట్టి కూచుంటే ఆ ఖాళీ ఎక్కడ దొరుకుతుంది?

ఉక్కునగరం స్టాపర్:
అతను గోల్ కొట్టకపోయినా పని జరుగుతుంది. అలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు భుజం మీద ఆనుకుని నిలబడితే సెంటర్ బ్యాక్ సాకా వైపు అడుగు వెయ్యలేడు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యం కొత్త మిడ్‌ఫీల్డర్ జుబిమెండి. ఆ చోట ఆడిన పార్టే, జార్జిన్హో ఇద్దరూ వెళ్లిపోయారు. పార్టే బంతి తీసుకుని, తిరిగి, చూసి పాసిచ్చేవాడు. జుబిమెండి బంతి తన దగ్గరికి రాకముందే చూసుకుని ఒక్క తాకుతో అవతలివాళ్ల వరసల మధ్యకి పంపిస్తాడు. అవతలి గోడ ఇంకా సర్దుకుంటుండగానే బంతి ఓడెగార్డ్ కాళ్ల దగ్గరుంటుంది. రెండు సెకన్లు మిగిలితే 0-0 కాస్తా 1-0 అవుతుంది. ఎడమ వింగే ఇప్పటికీ బలహీనం. మడుయెకే వచ్చినా అతను సాకాకి బదులుగా కుడివైపు వాడు.

వాల్తేరు వింగర్:
మరి 1-0 అయ్యాక? నా అసలు ప్రశ్న అక్కడే ఉంది. 70వ నిమిషంలో 1-0తో ఉంటే బెంచి నుంచి డిఫెండర్ని దించి వెనక్కి జరుగుతాడా, లేక రెండో గోల్‌కి వెళ్తాడా? మనిషి మారకుండా ఆటగాళ్లు మారితే ఆ అలవాటు పోతుందా?

పెదగంట్యాడ పాస్‌మాస్టర్:
మొదటి ఆరు మ్యాచ్‌లు యునైటెడ్, లీడ్స్, లివర్‌పూల్, ఫారెస్ట్, సిటీ, న్యూకాజిల్. అందరూ ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మ్యాచ్ గురించే మాట్లాడతారు. నేనైతే లీడ్స్, ఫారెస్ట్ మ్యాచ్‌లు రాసిపెట్టుకోమంటా, రెండూ మన మైదానంలోనే. వాళ్లు కూచునే ఆడతారు. గోల్ లైన్ నుంచి బంతి వెనక్కి వచ్చిన ప్రతిసారీ బాక్స్‌లో ఎర్రచొక్కాలు ఎన్నో లెక్కపెట్టండి.

గాజువాక గన్నర్:
పట్టిక నేను పెడతా. మూడు గళ్లు: బాక్స్‌లో ఎంతమంది, 70వ నిమిషానికి స్కోరు, ఆ తర్వాత దిగింది ఎవరు. వింగర్ తమ్ముడూ, మూడో గడి నువ్వే నింపు, తర్వాత నేను దాచేశానని అనొద్దు.

వాల్తేరు వింగర్:
నింపుతా. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో.