చలి మొదలైతే దగ్గు, ఆయాసం, క్లినిక్... మీ ఏరియాలో గాలి ఎలా ఉంది?

బోరబండ_అమ్మ
బాబుకి ఆరేళ్లు. దీపావళి దాటి చలి పట్టిందంటే చాలు, రాత్రి ఒంటిగంటకో రెండింటికో దగ్గుతూ లేచి కూర్చుంటాడు, పడుకోబెడితే ఇంకా ఎక్కువవుతుంది, వీపు మీద చెవి పెడితే సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. పొద్దున్నే వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్తే జలుబు, వైరల్ అంటారు, ఒక యాంటీబయాటిక్, ఒక దగ్గు సిరప్ రాస్తారు. కొన్నాళ్లు బాగుంటాడు, మళ్లీ మొదలు. మొన్న వెళ్లినప్పుడు బెంచీల మీద చోటే లేదు, సగం మంది ఒళ్లో పిల్లలు, లోపల నెబ్యులైజర్ మిషన్ ఆగకుండా నడుస్తూనే ఉంది. నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, పోయిన సంక్రాంతికి సిద్దిపేట అవతల మా అమ్మవాళ్ల ఊరికి వెళ్లాం. అక్కడ చలి ఇక్కడికంటే ఎక్కువ, అయినా వాడు ఒక్క రాత్రి కూడా దగ్గుతో లేవలేదు. చలే కారణమైతే అక్కడ ఇంకా పెరగాలి కదా? మాకు సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఏరియా దగ్గరే. ఇలా ఇంకెవరికైనా ఉందా, డాక్టర్లు ఏం చెప్పారు, రాయండి ప్లీజ్.

మూసాపేట_ఆటో
అక్కా, పెద్దోళ్ల పరిస్థితీ ఇదే. బాలానగర్, మూసాపేట, ఎర్రగడ్డ రూట్లో ఆటో నడుపుతా. బీడీ, సిగరెట్ ముట్టింది లేదు. సిగ్నల్ దగ్గర లారీ పక్కన ఆగితే పొగంతా ముఖం మీదికే వస్తుంది, సాయంత్రం ముక్కు చీదితే నల్లగా పడుతుంది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని చాలా కాలం నెట్టుకొచ్చా. చివరికి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి పోతే గొట్టంలో గట్టిగా ఊదించే పరీక్ష చేశారు, స్పైరోమెట్రీ అంటారంట. ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయి అని చెప్పి ఇన్‌హేలర్ రాశారు. నువ్వేం పని చేస్తావు, రోజుకి ఎన్ని గంటలు రోడ్డు మీద ఉంటావు అని అడిగింది ఆ డాక్టరొక్కరే. అంతకుముందు ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తెలియదు.

ఊపిరి_డాక్టర్
నేను ఛాతీ వైద్యంలో ఉన్నాను. ఆన్‌లైన్‌లో జబ్బు తేల్చడం కుదరదు కానీ, బోరబండ అమ్మగారూ, రాత్రి లేవడం, పడుకుంటే దగ్గు పెరగడం, ఆ ఈల శబ్దం (మేం పిల్లికూతలు అంటాం), ఇవి మళ్లీ మళ్లీ వస్తుంటే ఆస్తమా ఉందేమో పిల్లల డాక్టరుకి తప్పకుండా చూపించాలి. ఆస్తమాకి యాంటీబయాటిక్ మందు కాదు.

ఊరి చలికీ సిటీ చలికీ తేడా గురించి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిపూట నేల త్వరగా చల్లబడుతుంది, నేలని ఆనుకున్న గాలి చల్లగా ఉండి పైన వెచ్చటి పొర నిలబడుతుంది, గిన్నె మీద మూత పెట్టినట్టు. బండ్ల పొగ, ఫ్యాక్టరీ పొగ, రోడ్డు దుమ్ము, చెత్త కాల్చిన పొగ, ఏదీ పైకి పోదు. సిటీలో ఆ మూత కింద పోగుపడే సరుకు ఎక్కువ. అందులో పీఎం 2.5 అనే సన్న కణాలు తల వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు ఉంటాయి. ముక్కు వాటిని ఆపలేదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి, కొన్ని రక్తంలోకీ చేరతాయి. అందుకే దగ్గు, ఆయాసంతో పాటు గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది. బయటి గాలి కాలుష్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2013లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది.

గాలి పాడైన రోజే అందరూ ఆసుపత్రికి రారు. కొందరు ఆ రాత్రే వస్తారు, మరికొందరు తర్వాత రెండు మూడు రోజుల్లో వస్తారు. అందుకే మనకి ఆ లింకు కనబడదు. దగ్గు ఎక్కువైన తేదీలు, ఆ రోజుల్లో మీ దగ్గరి గాలి కొలిచే స్టేషన్ ఏక్యూఐ (గాలి ఎంత పాడైందో చెప్పే నంబరు, ఎక్కువైతే అంత చెడ్డది) ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పాశమైలారం, సెంట్రల్ యూనివర్సిటీ అన్నీ ఉన్నాయి. అలా రాసుకొచ్చిన పేషెంటుకి చీటీ రాయడం నాకు చాలా తేలిక.

సందేహం_ఒకటి
సిటీలో అందరం పీల్చేది ఆ గాలే కదా, మరి అందరికీ ఎందుకు రావట్లేదు? మా ఇంట్లో నలుగురం, ఎవరికీ ఏమీ లేదు. యాప్‌లో చూస్తే చాలాసార్లు 100 లోపే ఉంటోంది.

ఊపిరి_డాక్టర్
పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ల గొట్టాలు సన్నం, కొంచెం వాచినా దారి మూసుకుపోతుంది. ముసలివాళ్లు, గర్భిణులు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రోడ్డు మీద పనిచేసేవాళ్లు ముందు దెబ్బతింటారు. మిగతావాళ్లకి ఏమీ కావట్లేదని కాదు, ఆసుపత్రి దాకా రావట్లేదు అంతే.

100 లోపు సంగతికి వస్తే, మన లెక్కలో ఏక్యూఐ 100 అంటే పీఎం 2.5 ఘనమీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటలకి పెట్టిన హద్దు 15. నాలుగింతలు! పైగా ఆ నంబరు 24 గంటల సగటు, తెల్లవారుజామున ఎంత పెరిగిందో అందులో కలిసిపోతుంది. 101 నుంచి 200 మధ్య ఉంటే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఊపిరి ఇబ్బంది రావచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పట్టికలోనే ఉంది.

వన్‌టౌన్_వైజాగ్
సముద్రం ఉంది కాబట్టి వైజాగ్ గాలి బాగుంటుందని అందరూ అనుకుంటారు, మా వైపు వచ్చి చూడండి. పొద్దున గచ్చు తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లటి పొడి, బొగ్గు పొడి, కిటికీ చువ్వల మీద వేలు పెడితే వేలు నల్లగా. బట్టలు డాబా మీద ఆరేయడం మానేశాం. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకోవైపు కైలాసగిరి కొండ, మధ్యలో ఊరు, చలికాలం గాలి కదలకపోతే ఎక్కడి దుమ్ము అక్కడే. అత్తయ్యకి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు), చిన్నప్పట్నుంచీ కట్టెల పొయ్యి, ఇప్పుడు ఇది. మా డాక్టరు గారు చెప్పాక ఊడవడం మానేసి తడిగుడ్డ పెడుతున్నాం, అగరుబత్తి, దోమల చక్రాలు బంద్, మధ్యాహ్నం ఎండ పడ్డాకే కిటికీలు తెరుస్తున్నాం. ఆవిడకి రాత్రిపూట ఆయాసం కాస్త నెమ్మదించింది. వీధిలో పొడి మాత్రం అలాగే పడుతోంది.

మయూర్‌విహార్_తెలుగు
రాజమండ్రి నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డాం. 2024 నవంబర్ 18న ఇక్కడ ఏక్యూఐ 490 దాటింది, పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు, ఎదురు బిల్డింగ్ కనబడలేదు. ఇక్కడ కళ్లు మండుతాయి కాబట్టి జనం జాగ్రత్త పడతారు. హైదరాబాద్ వచ్చినప్పుడు నాకు భయమేసేది ఏంటంటే ఆకాశం నీలంగా ఉంటుంది, నంబరు 150 ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఒక సలహా: ప్యూరిఫయర్ కొంటే సన్న కణాల్ని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది కొని పిల్లలు పడుకునే ఒక్క గదిలో తలుపు మూసి పెట్టండి, హాల్లో పెడితే డబ్బు దండగ.

కూకట్‌పల్లి_పెద్దాయన
నాకు గుండెలో స్టెంట్ వేశారు. రోజూ ఐదింటికే వాకింగ్‌కి వెళ్లేవాణ్ణి, రోడ్డు పక్క పార్కు. చలికాలంలో గుండె బరువెక్కినట్టు ఉంటోందని చెబితే డాక్టరు గారు పరీక్షలన్నీ చేశాక, డిసెంబర్, జనవరిలో ఎండ వచ్చాకే నడవండి, మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధుల్లో నడవండి అన్నారు. తెల్లవారుజాము గాలి స్వచ్ఛం అని చిన్నప్పట్నుంచి వింటూ పెరిగాం, సిటీలో చలికాలం దానికి పూర్తిగా తిరగబడి ఉంది. మా వాకింగ్ బ్యాచ్ అందరికీ చెప్పి టైమ్ మార్పించాను.

నాచారం_గేటు
అందరూ ఇంట్లో ఏం చేయాలో చెబుతున్నారు, వీధి సంగతి కూడా మాట్లాడదాం. మా సందు మూల ఖాళీ స్థలంలో రాత్రి పదయ్యాక చెత్త తగలబెడతారు, ప్లాస్టిక్ కవర్లు, పాత టైర్ ముక్కలు, ఆ వాసనకి గొంతు పట్టేస్తుంది. బయట చెత్త కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే ఆదేశించింది. ఫొటో, టైమ్, లొకేషన్‌తో కాలనీ వాళ్లం వేర్వేరుగా ఫిర్యాదులు పెట్టాం, ఒక్కరు పెడితే ఎవరూ రాలేదు, అందరం పెట్టాక వచ్చారు. ఇప్పుడు వారంలో చాలా రాత్రులు మంట లేదు. ఊపిరి ఆడక ఆసుపత్రికి పోయేది మన పిల్లలే కదా, మొహమాటం దేనికి.

బోరబండ_అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, పిల్లల డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే వాడొచ్చా? అది అలవాటైపోతుందని, ఇక జీవితాంతం వదలదని మా అత్తగారు చాలా టెన్షన్ పడుతున్నారు.

ఊపిరి_డాక్టర్
అలవాటు కాదమ్మా. ఇన్‌హేలర్‌లో మందు నేరుగా గొట్టాల్లోకి పోతుంది కాబట్టి సిరప్ కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. రెండు రకాలుంటాయి: ఆయాసం వచ్చినప్పుడు వాడేది, రాకుండా రోజూ వాడేది. చాలామంది రెండోదాన్ని దగ్గు తగ్గగానే ఆపేస్తారు, మళ్లీ గాలి పాడవగానే ఎమర్జెన్సీకి వస్తారు. ఆరేళ్ల బాబుకి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా) తప్పనిసరి, లేకపోతే మందు నోట్లోనే ఉండిపోతుంది. ఎలా పీల్చాలో డాక్టరు ఎదురుగానే బాబు చేత ఒకసారి చేయించండి. మాట్లాడలేనంత ఆయాసం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

మూసాపేట_ఆటో
సార్, నేను కర్చీఫ్ కట్టుకుంటా. సరిపోదా?

ఊపిరి_డాక్టర్
కర్చీఫ్ పెద్ద దుమ్ముని కొంత ఆపుతుంది, సన్న కణాలు దర్జాగా దూరిపోతాయి. ఎన్95 మాస్క్ తీసుకోండి, ముక్కు దగ్గర పట్టీ నొక్కి పెట్టండి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి వస్తుంది. ఉతకొద్దు. తడిసినా, ఊపిరి తీయడం బరువుగా అనిపించినా మార్చేయండి. మాస్క్ ఉంది కదా అని ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.